తొమ్మిదో గడి ముట్టని మణిశంకర్

మా మేడ మీద వాటాలో ఆరేళ్లుగా అద్దెకుంటున్న మణిశంకర్, ఎదుట ఉన్నది ఎన్నోదో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వెయ్యడు. ఎన్నోది అంటే ఎన్నో రకం, ఎన్నో తరం, ఎన్నోసారి మార్చినది అని అతని భావం. ఫ్యాను స్విచ్చయినా, గ్యాసు పొయ్యి అయినా, ప్రభుత్వ ఉత్తర్వు అయినా మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇది ఎన్నోదండీ?" భీమవరంలో అతణ్ణి మణిశంకర్‌గా ఎరిగినవారు పదిమంది ఉంటే, ఎన్నోదండీ గారుగా ఎరిగినవారు వందమంది ఉంటారు. అతిశయోక్తి కాదు. పోస్టుమాను ఒకసారి కవరు మీద చిరునామా పక్కన పెన్సిలుతో అలాగే రాసుకొచ్చాడు. ఆ కవరు నా దగ్గర ఉంది.

నా దగ్గర లేకపోవడమేమిటి? నీటిపారుదల శాఖ రికార్డుల విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. కాగితాలు పారేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నంబరూ తేదీ లేని కాగితం చేతికిచ్చేవారిని చూస్తే ఇంకా మండుతుంది. అసలు కాగితమే లేకుండా సమస్తమూ ఫోనులో పంపేవారి గురించి నేను మాట్లాడదలచుకోలేదు. ఈ పతనం మధ్య మా కాలనీ సంఘం ఒక్కటే మర్యాద నిలుపుకొంది. ప్రతి ఉదయం ఆరింటికల్లా నా తలుపు కింద నుంచి సర్క్యులరు వస్తుంది. నంబరు, తేదీ, విషయం. కుళాయి ఎన్నింటికి వదులుతారు, కరెంటు ఎప్పుడు పోతుంది, కాలువ గట్టు దారి ఎందుకు మూశారు, అన్నీ పెద్ద అక్షరాలలో ఉంటాయి. చెప్పవలసినదేమీ లేని రోజున కూడా 'నేడు విశేషము లేదు' అని ఒక కాగితం వస్తుంది. పాలన అంటే అది. ఈ విషయమై సంఘాన్ని మెచ్చుకుంటూ పత్రికలకు రెండు లేఖలు రాశాను. వేసుకోలేదు. నకళ్లు ఉన్నాయి.

ఇల్లు చూడటానికి వచ్చిన రోజున మణిశంకర్ గదులు చూడలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"బాబాయిగారండీ, ఈ ఇల్లు ఎన్నోదండీ?"

"ఎన్నోదేమిటయ్యా? నాకున్నది ఒకటే ఇల్లు."

"అది కాదండి. కట్టాక ఎన్నిసార్లు మార్చారు? మేడ మీద వైరింగు, కింద వైరింగు ఒకేసారి వేసినవాండి?"

ఇటువంటి ప్రశ్న కోసం నేను ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను. లోపలికి వెళ్లి 1978 నాటి ప్లాను, 1991 సవరణ, 2004లో మేడకు పొందిన అనుమతి తెచ్చి బల్ల మీద పరిచాను. అతను వెళ్లి చేతులు కడుక్కొని వచ్చి చదివాడు. గంటన్నర పట్టింది.

"ఈ మూల ప్లగ్గు మొదటిదండి. దీనికి ఎర్తు లేదు. ఫ్రిజ్జు పెట్టనండి, దీపం పెట్టుకుంటాను."

"మార్పించమంటావా?"

"ఎందుకండీ పాపం. దీపం వెలిగించడం దానికి వచ్చు కదా."

అద్దె సంగతి మేమిద్దరమూ ఆ రోజు మాట్లాడుకోవడం మరిచిపోయాము.

అతని భార్య సుప్రియ పాలకొల్లు మనిషి. పెళ్లిచూపులలో జరిగినదాన్ని ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. కాఫీ ఇస్తే పెళ్లికొడుకు గ్లాసు పట్టుకొని, "ఇది మొదటి డికాషనా, రెండోదా అండీ?" అని అడిగాడట. వాళ్ల అమ్మగారి మొహం ఎర్రబడింది.

"మొదటిది మీ నాన్నగారికి ఇచ్చేశాం. మీది రెండోదే," అంది సుప్రియ తలెత్తి.

"అయితే పంచదార ఇంకొంచెం వెయ్యండి, చాలు. రెండోదాన్ని మొదటిదానిలా ఉండమంటే ఎలాగండీ?" అని తాగేశాడట.

"వంక పెట్టకుండా, వద్దనకుండా తాగాడు బాబాయిగారూ. ఇంకెవర్ని చేసుకోను?" అంటుంది సుప్రియ.

బజారులో బుల్లిరాజు పెసరట్ల బండి దగ్గరా ఇదే భాగోతం. పిండి ఈ పూటదా, నిన్నటిదా అని అడుగుతాడు. నిన్నటిదని తెలిస్తే అందరిలా మొహం తిప్పుకొని పోడు. "అయితే పలచగా లాగకు. మందంగా వేసి అల్లం దట్టించు," అంటాడు. బుల్లిరాజు అందరితోనూ తాజా పిండనే అబద్ధమాడతాడు. మణిశంకర్‌తో ఆడడు.

ఇక అతని ఉద్యోగం. రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టెలు బిగించే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. ఆ పెట్టె నీటిలో ఆక్సిజన్ కొలిచి, తగ్గితే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతుంది. పెట్టెలో ఒక కంప్యూటరు, కొలతలూ మోటార్లూ చూసుకునే ఒక కార్డు ఉంటాయి. కంప్యూటరు అట్టడుగున ఉండి కార్డుతో మాట్లాడే ప్రోగ్రామును డ్రైవరంటారు. అదే అతని పని. కార్డులో అంకెలు ఉంచే గడులుంటాయి. కొన్నింటిని డ్రైవరు చదువుతుంది, కొన్నింటిలో రాస్తుంది. మొదటి రకం కార్డుకు వాడుకలో ఉన్నవి ఎనిమిది గడులు, కొత్తదానికి పదహారు.

"పాతదాన్ని పదహారూ అడిగితే ఏమవుతుంది? లేవంటుంది. అంతే కదా?" అన్నాను ఒకనాడు.

"అనదండి. అదే చిక్కు. మొన్న ఎవరో మొగల్తూరు దారి అడిగితే బుల్లిరాజు ఏం చేశాడండీ?"

"ఎటో చెయ్యి చూపించాడు."

"తెలిసేనా?"

"తెలిసి కాదు. అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని."

"పాత కార్డుదీ గోదావరి మర్యాదేనండి. లేని గడి అడిగినా ఏదో ఒక అంకె చేతిలో పెడుతుంది. అందుకని ముందు ఎన్నోదో అడగాలి. మొదటిదైతే ఎనిమిది దగ్గర ఆగిపోవాలి. మిగతావాటికి 'లేదు' అని రాసుకోవాలి. సున్నా అని రాయకూడదు. లేకపోవడం వేరు, సున్నా వేరండి. ఆక్సిజన్ సున్నా అంటే రొయ్య చచ్చిందని. ఇక మనకి తెలియని రకమేదైనా వస్తే దండం పెట్టి పక్కకి తప్పుకోవాలి."

పోయిన శ్రావణంలో ఒక శనివారం అతని పైఅధికారి గణేష్‌బాబు మా ఇంటికే వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటని చురుకైన మనిషి. అరుగు మీద కూర్చుని, నేనున్నానన్న మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు.

"శంకర్ గారూ, మనవి మూడు వందల పన్నెండు చెరువులు. పాత కార్డు మిగిలింది ఒక్కచోట. దానికోసం ప్రోగ్రాములో రెండు వేల లైన్లు మోస్తున్నాం. తీసేద్దామండి. ఎన్నోదని అడగడం కూడా తీసేద్దాం. ఉన్నదంతా ఒకటే రకమైతే అడగడం దేనికి?"

"ఒకటే రకం కాదు కదండి. శ్యామలాంబ గారిది మొదటిది."

"ఆవిడకి కొత్తది ఊరికే ఇస్తామంటే వద్దన్నారు. మనమేం చేస్తాం?"

"ఎందుకు వద్దన్నారో అడిగారాండీ?"

గణేష్‌బాబు అడగలేదు. మణిశంకర్ అడిగాడు. శ్యామలాంబకు ఆకివీడు దారిలో రెండెకరాల చెరువు, అదే ఆమె జీవనాధారం. ఆక్సిజన్ తగ్గితే పాత పెట్టె గట్టు మీద గంట కొడుతుంది, కొత్తది ఫోనుకు కబురు పంపుతుంది. "ఫోను ఇంట్లో గూట్లో ఉంటది బాబూ, నేను గట్టు మీదుంటాను. గంటయితే నాకు వినపడద్ది," అందట ఆమె. అంతకన్నా సబబైన కారణం నాకు తోచదు.

"పోనీ, కొత్త ప్రోగ్రామే ఆ పెట్టెకీ వెళ్తుంది. గంట కొట్టదు, అంతేగా? మిగతాదంతా నడుస్తుంది," అన్నాడు గణేష్‌బాబు.

"కబురు పంపమని కొత్తది తొమ్మిదో గడిలో రాస్తుందండి. మొదటి కార్డులో తొమ్మిదో చోట ఏముందో మనకి తెలీదు. పదేళ్లలో నేనెప్పుడూ ముట్టలేదు."

"ఖాళీ అయి ఉంటుంది."

"ఉంటుందని మీరంటున్నారు. కార్డు అనలేదండి."

"అయితే దాని పుస్తకం చూపించండి! ఆఫీసులో లేదు, ఎవరి దగ్గరా లేదు. సోమవారం లోగా చూపిస్తే మీ మాట ఉంచుతాను. లేకపోతే సోమవారం కొత్తది అన్ని చెరువులకీ వెళ్లిపోతుంది."

నేను లేచాను.

ఈ కంపెనీ 2011లో పుట్టింది మా కింది వాటాలోనే. ఖాళీ చేసేటప్పుడు యజమాని గోనెసంచి నిండా కాగితాలు వదిలేసి, "చిత్తు కాగితాలండి, అమ్మేసుకోండి," అన్నాడు. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తీరలేదు. అన్నీ వరుస పెట్టి కట్ట కట్టాను. ఫైలు నంబరు నూట పద్నాలుగు. ఇన్నేళ్లూ ఎందుకు చూపలేదంటారా? ఎవరూ అడగలేదు. అడగని కాగితం చూపడం రికార్డుల విభాగం పద్ధతి కాదు.

అందులో ఉన్న పాత కార్డు పుస్తకం పద్నాలుగో పేజీలో దొరికింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను: "తొమ్మిదవ గడి. మరమ్మతు సమయంలో ఏరియేటర్లన్నింటినీ ఒక్కసారిగా ఆపుటకు."

గణేష్‌బాబు కాగితం అందుకొని తనే మళ్లీ చదివాడు.

"అంటే ఆక్సిజన్ తగ్గిందని కబురు పంపబోయి..." అన్నాడు గణేష్‌బాబు.

"ఉన్న ఏరియేటర్లు ఆపేసేవాళ్లమండి," అన్నాడు మణిశంకర్. గెలిచినవాడి గొంతు కాదు అది, రోడ్డు దాటేవాణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాగినవాడి గొంతు.

గణేష్‌బాబు నా వైపు తిరిగాడు. "బాబాయిగారూ, ఒక జిరాక్సు ఇప్పిస్తారా?"

"అర్జీ రాసివ్వండి."

రాసిచ్చాడు. తేదీ వెయ్యడం మరిచిపోతే వేయించాను. అదీ ఫైలులో ఉంది.

సోమవారం ముసురు పట్టింది. ఎండ లేని రోజున చెరువులో ఆక్సిజన్ పగలే పడిపోతుంది. పాత లైన్లు అలాగే ఉంచిన ప్రోగ్రామును శ్యామలాంబ చెరువు దగ్గరే పరీక్షించాలని ఇద్దరూ తెల్లవారగానే బండి మీద వెళ్లారు. పది గంటలకు గంట మోగింది, ఏరియేటర్లు తిరిగాయి. శ్యామలాంబ చెరువు చూసుకొని, తడిసిన గణేష్‌బాబును ఎగాదిగా చూసిందట. "ఎందుకొద్దన్నావమ్మా అని నన్నడిగినోడు ఈ బాబొక్కడే. కంపెనీ నుంచొచ్చినోళ్లలో నువ్వెన్నోవోడివి అబ్బాయ్?"

ఇదంతా నాకు మధ్యాహ్నం తెలిసింది. ఆ ఉదయం నా అవస్థ వేరు. ఆరైంది, ఆరున్నరైంది, సర్క్యులరు రాలేదు. ఏడింటికి చూస్తే కుళాయి వచ్చి వెళ్లిపోయింది. బిందె ఖాళీ. గొడుగు, సర్క్యులర్ల ఫైలు తీసుకొని సంఘం కార్యదర్శి ఆంజనేయులు ఇంటికి నడిచాను.

"ఏమండీ, ఆరేళ్లలో ఒక్కరోజు తప్పని సర్క్యులరు ఇవాళ ఎందుకు తప్పింది? సంజాయిషీ కావాలి."

"సర్క్యులరేంటండీ?"

రెండు వేల నూట పదకొండో కాగితం చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాటలు నావేనండి. ఫోను గ్రూపులో పెడతాను. ఈ కాగితం మాత్రం మాది కాదండి. సంఘానికి ప్రింటరెక్కడిదండీ బాబూ!"

"మరి ఈ 'నేడు విశేషము లేదు'?"

"అది నేనెప్పుడూ పెట్టలేదండి. లేకపోతే లేదు, మళ్లీ చెప్పడం దేనికి?"

తిరిగి వస్తూ దారిలో ఇది ఎవరి పనో లెక్క కట్టనవసరం లేకపోయింది. లేకపోవడం వేరు, సున్నా వేరు అనే మనిషి భీమవరంలో ఒక్కడే ఉన్నాడు. వాటాలో చేరిన మొదటి వారం నేనే అతనితో అన్నాను: "ఫోనులో వచ్చేది నాకు అక్కర్లేదు. నంబరూ తేదీ లేని కాగితాన్ని నేను కాగితంగా గుర్తించను." అతను అప్పుడు తలూపి ఊరుకున్నాడు. ఎన్నోదండీ అని ఊరందరినీ అడిగిన మనిషి నేను ఎన్నో రకమో మాత్రం ఎందుకు అడగలేదో ఆరేళ్ల తరవాత అర్థమైంది. నేనే చెప్పేశాను కదా.

మర్నాడు ఆరింటికి తలుపు కింద నుంచి కాగితం జారింది. నంబరు 2112. 'నిన్నటి సర్క్యులరు వెలువడనందులకు సంఘము చింతించుచున్నది. నేడు కుళాయి ఆరు నలభైకి.' మెట్ల మీద అడుగుల చప్పుడు విని తలుపు తెరిచాను.

"ఏమయ్యా శంకరం, నిన్న మన సంఘం వారికి ఒంట్లో బాగోలేదా?"

అతను రెండో మెట్టు మీద ఆగిపోయాడు. "పనిబడి ఊరెళ్లి ఉంటారండి."

"ఉంటారని నువ్వంటున్నావు."

అతను నవ్వు ఆపుకుంటూ గబగబా మేడెక్కేశాడు.

సంఘాన్ని మెచ్చుకుంటూ రాసిన లేఖలను ఉపసంహరించుకోలేదు. ఫైలు అట్ట మీద 'కాలనీ సంఘం సర్క్యులర్లు' అన్న పేరు అలాగే ఉంచాను. దాని కింద, చిన్న అక్షరాలతో, 'స్వీకర్త: మొదటి రకం' అని మాత్రం చేర్చి, తేదీ వేసి సంతకం చేశాను.