కాలయముడికి మంచిపేరు

ఆ రోజుల్లో నాకు ఏదీ ఉన్నచోట ఉన్నట్టు ఉంటే తోచేది కాదు. ఇంట్లో మంచం తూర్పుగోడకి ఉంటే పడమటి గోడకి జరిపేవాణ్ణి, మర్నాటికి అదీ నచ్చక మళ్ళీ మొదటికి తెచ్చేవాణ్ణి. హార్బరు దగ్గర ఒక షిప్పింగు ఆఫీసులో టెంపరరీ గుమస్తాగా చేరిన వారానికే ఫైళ్ళ బీరువా అంతా కొత్త పద్ధతిలో సర్దేసి, ఎవరికీ ఏదీ దొరక్కుండా చేసి, పెద్ద గుమస్తాగారి చేత "బాబూ, నువ్వు ఊరికే కూర్చున్నా జీతం ఇస్తాం, కూర్చో" అనిపించుకున్న ఘనుణ్ణి. (ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు తిప్పాలన్నా నేను ఒకరి అనుమతి అడగాలి. అది వేరే సంగతి.) అవతల స్టీలు ప్లాంటు కడుతున్నారని ఊరంతా లారీలు, ఎర్రదుమ్ము, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొత్త మొహాలు. ఊరే ఇంత హడావిడిగా మారిపోతుంటే నేను చేతులు ముడుచుకుని కూర్చోవడం ఏమిటని అరికాళ్ళు ఒకటే దురద పెట్టేవి.

ఆ దురద తీరడానికి నాకు దొరికింది ఫ్రీస్టైల్ కుస్తీ. వన్ టౌన్‌లో కలప డిపో నడిపే సాయిబుగారు ఒకాయన ప్రతి ఆదివారం సాయంత్రం మైదానంలో రింగు కట్టించి కుస్తీలు ఆడించేవారు. నా పని పొద్దున్నే రిక్షాకి మైకు కట్టుకుని పూర్ణా మార్కెట్టు నుంచి కంచరపాలెం దాకా అరుచుకుంటూ తిరగడం, సాయంత్రం రింగు పక్కన నిలబడి లోపల ఏం జరుగుతోందో జనానికి చెప్పడం. (జనానికి కళ్ళున్నాయి కదా అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.) పందెం ఎప్పుడూ ఇద్దరి మధ్యే. మంచివాడు లక్నో పహిల్వాను. పాలరంగు మనిషి, తెలుగులో ఆయనకి తెలిసిన మాట ఒక్కటే, కారం. మన హోటళ్ళలో భోజనం చేసి నేర్చుకున్నాడు. చెడ్డవాడు కాలయముడు. నల్లగా, లావుగా, రెండు కనుబొమలూ కలిసిపోయి, చూస్తేనే పిల్లలు జడుసుకునే ఈ కాలయముడు స్వయానా మా బావ.

పోర్టులో కలాసీ మా బావ. ఇంట్లో చీమ కనబడితే ఆగి దారిచ్చే మనిషి. అలాంటివాడు నల్ల లాగూ తొడుక్కుని రింగెక్కితే మాత్రం, రిఫరీ అటు తిరగ్గానే మొలలోంచి పొట్లం తీసి ఎదుటివాడి కళ్ళల్లో కొట్టేవాడు. పొట్లంలో ఉండేది మా అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) రాసుకునే మొహం పౌడరు, ఎర్రగా కనబడ్డానికి కాస్త కుంకం కలిపి. నేను మాత్రం మైకులో గొంతు చించుకునేవాణ్ణి, "కారం! అమ్మలారా, అయ్యలారా, కారం! వీడి మాట నమ్మకండి, వీడి కన్నీళ్ళు నమ్మకండి!" అని. ఇక చూసుకోండి, మైదానం మైదానమంతా లేచి నిలబడి తిట్లు. ఇంటికొచ్చేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ బావ మురిసిపోయేవాడు. "ఎనక వరసోళ్ళు ఇయ్యాల బాగా తిట్టేర్రా బామ్మర్దీ, ఇన్నావా? ఒకడైతే మా తాతని కూడా తిట్టేడు." పగలంతా బస్తాల కింద ఎవరికీ కనబడని మనిషికి అన్ని గొంతులు ఒక్కసారి తన పేరు పిలవడం ఎంత ఇష్టమో అప్పట్లో నాకు తెలీదు.

తిప్పలన్నీ మా అప్పకి వచ్చాయి. ఒకరోజు పూర్ణా మార్కెట్టులో ఎండుమిరపకాయలు అమ్మే మామ్మ అప్పని చూసి తట్ట మీద గోనెపట్టా కప్పేసిందట. "నీకు అమ్మనమ్మా. కూరకని అట్టుకెల్లి నీ మొగుడికిత్తావు. ఆడు ఆ పచ్చటి కుర్రోడి కల్లల్లో కొడతాడు." బడిలో పిల్లలు మా మేనకోడల్ని కాలయముడి కూతురంటున్నారు. ఆ సాయంత్రం అప్ప మమ్మల్నిద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి, చేతిలో గరిటె పట్టుకుని తీర్పు చెప్పింది.

"వచ్చే ఆదోరానికి ఈయన మంచోడవ్వాల. నేదంటే కుస్తీ మానీయాల. మద్దిలో ఇంకేటీ నేదు."

"మంచోణ్ణేనే నాను," అన్నాడు బావ నీరసంగా.

"నాకు తెలిస్తే సరిపోద్దా? ఊరికి సెప్పు."

బావ మొహం చూడలేకపోయాను. కుస్తీ మానేయడమంటే ఆయనకి ఊపిరి మానేయడమే. అయితే నా బుర్రలో అప్పటికే దీపాలు వెలిగిపోతున్నాయి. వీధికొక వీడియో సెంటరు వచ్చి మైదానంలో జనం పల్చబడుతున్నారని సాయిబుగారు నెలల తరబడి దిగులు పడుతున్నారు. ప్రతివారం అదే పొట్లం, అదే లక్నో గెలుపు, ఎన్నాళ్ళు చూస్తారు? మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి, ఎవరినీ అడక్కుండా, రిక్షా ఎక్కి ఊరంతా చాటేశాను, "కుస్తీలో కొత్త శకం! ఈ ఆదివారం మీరు కలలో కూడా ఊహించనిది!" అని. (నేనూ ఊహించలేదు. అప్పటికి నా దగ్గర శకం అన్న మాట తప్ప ఏమీ లేదు.) సాయంత్రానికి కథ అల్లాను. కాలయముడికి బుద్ధొస్తుంది. రింగులో మోకరిల్లి ఊరందరికీ క్షమాపణ చెప్పుకుంటాడు. లక్నో పహిల్వాను లేపి కౌగిలించుకుంటాడు. సాయిబుగారు గడ్డం నిమురుకుంటూ విన్నారు.

"బేటా, నమ్మకండి నమ్మకండి అని ఇన్నాళ్ళూ నువ్వే అరిచావు. ఇప్పుడు నమ్మండి అంటే పబ్లిక్ వింటారా?"

"వింటారు భాయ్. నేను చెప్తాగా!"

ఆ ఆదివారం మైదానం కిటకిటలాడింది. అప్ప మొదటిసారి వచ్చి ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. బావ రింగెక్కాడు, మోకరిల్లాడు, నేను రాసిచ్చిన గ్రాంథికం అంతా మర్చిపోయి చేతులు జోడించి, "బాబూ, నాను మంచోణ్ణి. ఇంట్లో అడగండి," అన్నాడు. మైదానంలో చప్పుడు లేదు. అంతవరకు బాగానే ఉంది. ఆ నిశ్శబ్దానికి ఆయనకే ఏడుపొచ్చి, కళ్ళు తుడుచుకుందామని మొలలో దోపుకున్న జేబురుమాలు కోసం చెయ్యి పెట్టాడు.

"కారం!" అని అరిచింది ఊరు ఊరంతా.

లక్నో పహిల్వానుకి తెలిసిన ఒకే ఒక్క తెలుగు మాట అది. పాపం, కళ్ళు గట్టిగా మూసేసుకుని, బావని ఎత్తి కింద పడేసి, మీదెక్కి కూర్చున్నాడు. నేను మైకులో "నమ్మండి! నిజంగానే మారాడు!" అని మొత్తుకుంటుంటే జనం "ఈడు కూడా ఆడి మనిషే" అని నన్ను తిట్టడం మొదలెట్టారు. రిఫరీకి కథ మారిన సంగతి చెప్పడమే మరిచాను. ఆయన హాయిగా లెక్కపెట్టేస్తున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక చీరకొంగు ఎగిరింది. మా అప్ప కొంగు నడుముకి బిగించి, తాళ్ళు దాటి, రింగులోకి దూరి, ఆ మహావీరుడి చెవి పట్టుకుంది.

"లెగు! నా మొగుడి మీంచి లెగు! అడుక్కుంటంటే కొడతావేటి, సిగ్గు నేదూ?"

పహిల్వాను కళ్ళు తెరిచి, చెవి విడిపించుకోలేక, "మాఫ్ కరో బెహన్‌జీ" అంటూ లేచాడు. బావ కిందనుంచే, "ఆణ్ణేటి అనకే, ఆడు మంచోడు," అన్నాడు. అప్ప ఆయన్ని లేపి కూర్చోబెట్టి, ఒంటికంటిన మట్టి దులిపి, అందరి ఎదుటా ఏడ్చేసింది. వెనక వరసలో ఎవరో అన్నారు, "అయ్యో, ఆడికీ పెల్లాం ఉందిరా." నేను అల్లిన కథ చెయ్యలేని పని కాస్తా ఆ ఒక్క మాటతో అయిపోయింది. అదే జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు మార్కెట్టులో మిరపకాయల మామ్మ తూకానికి పైన ఇంకో గుప్పెడు వేసి, "నీ మొగుణ్ణి ఎవుడేనా ఏటన్నా అంటే నాకు సెప్పు," అందట. సాయిబుగారు నా వీపు తట్టారు. నా కాళ్ళు నేలకి ఆనలేదు.

తరువాతి ఆదివారం బావ రింగెక్కితే ఒక్కడూ తిట్టలేదు. పొట్లం తీశాడు, "పోన్లే పాపం" అన్నారు. పళ్ళు కొరికాడు, నవ్వారు. లక్నో పహిల్వాను చెయ్యెత్తితే, "నెమ్మదిగా బాబూ, ఆయమ్మ ఏడుత్తాది," అన్నారు. ఇంటికొచ్చేటప్పుడు బావ సైకిలు నా చేతికిచ్చి తలొంచుకుని నడిచాడు. పీట మీద కూర్చుని అన్నం కెలుకుతుంటే అప్ప అడిగింది, "మంచోడివైపోయేవు గదా, ఇంకేటి?" ఆయన "ఏటీ నేదు" అని లేచిపోయాడు. పెరట్లో నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "బామ్మర్దీ, ఒక్కసారి నన్ను మల్లీ తిట్టించవా?" అన్నాడు. నా జన్మలో నన్నెవరూ అంత దీనంగా ఏదీ అడగలేదు. వంటింటి కిటికీలోంచి వస్తున్న గరిటె చప్పుడు కూడా టక్కున ఆగింది.

ఆ పై ఆదివారం నేను చెయ్యని ప్రయత్నం లేదు. "క్రూరుడు! కిరాతకుడు!" అంటూ మైకు పగిలేలా అరిచాను. జనం వేరుసెనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నారు. బావ రింగు మధ్యలో పొట్లం పట్టుకుని, ఏం చెయ్యాలో తెలీక అటూ ఇటూ చూస్తున్నాడు. నా గొంతు పోయింది, నీళ్ళ కోసం చూస్తున్నాను. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒకే ఒక్క గొంతు, మైకు లేకుండానే మైదానం అదిరేలా లేచింది.

"ఓరి కాలయముడా! నీ మొకం మండా! ఆడబిడ్డలున్న ఇంట్లో కారమంతా దోసుకొచ్చి కల్లల్లో కొడతావట్రా, దొంగ సచ్చినోడా!"

మా అప్ప! నిలబడి, చెయ్యి తిప్పుతూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నవ్వాపుకుంటూ తిడుతోంది. జనం ఒక్క క్షణం బిత్తరపోయారు. "ఆయమ్మే తిడతంటే మనకేటి!" అన్నారెవరో. అంతే, మైదానం విరుచుకుపడింది. బావ క్రూరంగా చూద్దామని ఎంత ప్రయత్నించినా పెదాలు చెవుల దాకా సాగిపోయాయి. అలా నవ్వుతూనే పొట్లం విసిరి, నవ్వుతూనే ఓడిపోయాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు అప్ప సైకిలు పక్కన నడుస్తూ, "ఎక్కువ తిట్టేసేనేటి?" అంది. "నేదే," అన్నాడు బావ, "వచ్చే ఆదోరం మా తాతని కూడా తిట్టు." ఇద్దరూ మాట్లాడుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకాల గొంతు పోయిన కుర్రాడొకడు మైకు భుజాన వేసుకుని రొప్పుతూ వస్తున్నాడు. కుస్తీని ఎలా మార్చాలో వాడి బుర్రలో ఇంకా బోలెడు ఆలోచనలున్నాయి. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే నాకు వాడే కనిపిస్తాడు. పిచ్చివెధవ, వాళ్ళిద్దరికీ తన అవసరం తీరిపోయిందని తెలీక, "బావా, ఆగు బావా, ఇంకో కథుంది" అంటూ రాని గొంతుతో పిలుస్తూనే ఉన్నాడు.