అడుగు రెండంగుళాల బాప్తిస్మపు తొట్టి

సివిల్ ఇంజినీరింగు డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికొక జబ్బు పట్టుకుంటుంది. లోకమంతా తప్పుగా కొలుస్తోందనీ, సరిదిద్దడానికే దేవుడు తనను నూజివీడు పంపాడనీ అనుకుంటాడు. ఆ రోజుల్లో నాకా జబ్బు బాగా ముదిరింది. ఎవరైనా నాలుగడుగులు అంటే చాలు, ఒకటి పాయింట్ రెండు మీటర్లని సరిచేసేవాణ్ణి (ఎవరూ అడగకపోయినా). బళ్లో మీటర్లు నేర్చుకుని, బయటికొచ్చి అడుగుల్లో ఇళ్లు కట్టుకునే జనాన్ని ఏమనాలో ఇప్పటికీ నాకు తోచదు.

అప్పుడే మా సంఘం కొత్త మందిరం కట్టుకుంటోంది. వేదిక వెనక బాప్తిస్మపు తొట్టి కట్టించే పని నాకు అప్పగించారు. అందులో మొట్టమొదట మునగవలసినవాడు మా మామయ్య, అమ్మకు అన్న. రెడ్డిగూడెంలో మామిడి తోట ఆయనది. ఆయన రక్షణ కోసం అమ్మ ఏళ్ల తరబడి శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించింది. ఆయనేమో ఏటా కాయ దిగనీ, చూద్దామనేవాడు. కాయ దిగేది, వానలొచ్చేవి, మళ్లీ పూత వచ్చేది, మామయ్య మాత్రం నీళ్లలో దిగేవాడు కాదు. ఆ వేసవిలో ఎందుకో సరేనన్నాడు. ఆ సరే ఎక్కువ రోజులు నిలవదని అమ్మకు తెలుసు. బాప్తిస్మానికి పెట్టుకున్న ఆదివారం దాటితే మళ్లీ మొదటికొస్తుంది.

తొట్టి పొడవు, వెడల్పు నేనే నేల మీద సుద్దతో గీశాను. లోతు మాత్రం కాగితం మీద 1.2 అని రాసి మేస్త్రికిచ్చి, హనుమాన్ జంక్షన్‌లో నా కొత్త ఉద్యోగానికి వెళ్లిపోయాను. పక్కన మీటర్లని రాయలేదు. దేశంలో చెల్లేది మీటరొక్కటే అయినప్పుడు రాయడమెందుకని నా పట్టుదల. ఆదివారం పొద్దున్నే వచ్చి చూద్దును కదా, నీలం టైల్సుతో, నిండా నీళ్లతో తొట్టి ధగధగలాడుతోంది. దిగితే నీళ్లు మోకాలి దాకా కూడా రాలేదు. చుక్కకు ముందుది అడుగులు, తర్వాతది అంగుళాలు అనుకుని మేస్త్రి నా అంకెను అడుగు రెండంగుళాలుగా చదువుకున్నాడు. మీలో ఎవరికీ అనుమానం రాలేదా అని సంఘాన్ని అడిగితే, చదువుకున్న కుర్రాడి ప్లాను కదా అని ఊరుకున్నామన్నారు.

"దీంట్లో మనిషెలా మునుగుతాడనుకున్నావయ్యా?" అని మేస్త్రిని నిలదీశాను.

"మునగడమేంటండీ? ప్రసంగానికి ముందు అయ్యగారు కాళ్లు కడుక్కుంటారనుకున్నా," అన్నాడు నింపాదిగా.

నేను మీటర్ల గురించి కేకలేస్తుంటే సంఘపెద్ద కల్పించుకున్నాడు. "నోవహుకు దేవుడు మూరల్లో కొలతలిచ్చాడు బాబూ. ఓడ మునిగిందా?"

"ఇప్పుడు మునగాల్సింది ఓడ కాదండీ, మామయ్య," అన్నాను.

ఆయన వినలేదు. చొక్కా చెయ్యి మడిచి, మోచెయ్యి నీళ్లలో పెట్టి, లోతు మూర కూడా లేదని ప్రకటించాడు. ఎవరి మూర అని మేస్త్రి అడిగాడు. పడుకోబెట్టి ముంచుదామా అని పాస్టరయ్యగారు మామయ్య పొట్ట వంక చూసి, తనే తల అడ్డంగా ఊపారు. ఎండాకాలం, కాలవలో చుక్క లేదు. మామయ్య గట్టు మీద కూర్చుని, హాయిగా కాళ్లు నీళ్లలో ఆడిస్తూ, "దేవుడి చిత్తం ఇలా ఉంది. వచ్చే ఏడు కాయ దిగాక చూద్దాంలే అల్లుడూ," అన్నాడు.

అమ్మ నన్నొక చూపు చూసింది. ఆ చూపును ఏ కొలతలోనూ చెప్పలేను. తర్వాత మామయ్య వైపు తిరిగింది.

"అన్నయ్యా, నీ తోటలో బోరు నీళ్ల తొట్టి ఉంది కదా, ఎంత లోతుంటుంది?"

ఆ తొట్టంటే ఆయనకు మహా గర్వం. "నిలబడితే నా గుండెల దాకా..." అనేసి, ఠక్కున నోరు మూసుకున్నాడు. అప్పటికే అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని లేచారు.

సంఘమంతా ట్రాక్టరు ట్రక్కుల్లో పాటలు పాడుకుంటూ రెడ్డిగూడెం వెళ్లింది. మామిడి చెట్ల మధ్య, అయ్యగారు మామయ్యను నిండా ముంచి లేపారు. మీసాల నుంచి నీళ్లు కారుతుంటే ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాత, "ఇంకోసారి ముంచండి అయ్యగారూ, ఇందాక భయపడ్డాను," అన్నాడు.

"ఒక్కసారికే సరిపోద్ది," అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

నేనెక్కడున్నానంటారా? గట్టు అవతల, మేస్త్రిని చెట్టుకు ఆనించి, పుల్లతో మట్టిలో గీస్తూ దశాంశ చుక్క అంటే ఏమిటో వివరిస్తున్నాను. అమ్మ ప్రార్థన ఫలించిన ఆ క్షణాన నేను ఒక్కసారి వెనక్కి తల తిప్పానే తప్ప, పూర్తిగా చూడనే లేదు. మామయ్య ఇప్పుడు లేడు. ఆనాటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, చెవి మెలేసి వాడి ముఖాన్ని నీళ్ల వైపు తిప్పాలని కూడా అనిపిస్తుంది.