మెట్టు దిగిన బేరం

సౌదీలో చనిపోయిన బావ శవాన్ని అడ్డం పెట్టుకుని అక్కడి కంపెనీతో బేరమాడిన మొనగాడు నారాయణఖేడ్ మొత్తంలో నేనొక్కణ్ణే. కాదని ఎవరైనా అంటే మా దుకాణానికి రమ్మనండి, కూర్చోబెట్టి చెబుతాను.

మాది బట్టల దుకాణం. ధర కుదరకపోతే కొనేవాళ్ళు చీర పక్కకు తోసి లేస్తారు, చెప్పులు తొడుక్కుని మెట్టు దిగుతారు. మూడో అడుగు పడేలోపు మేం వెనక్కి పిలుస్తాం. పిలవలేదంటే ధర నిజంగానే అంత అన్నమాట. పదేళ్ళ వయసుకే మా నాయన నాకు ఇది రెండు వైపులా నేర్పాడు.

అక్క ఇల్లు దుకాణం వెనక సందులోనే. బావ సౌదీలో మేస్త్రీ పని చేసేవాడు. ఒక పొద్దున క్యాంపులో నిద్ర లేవలేదు. గుండె ఆగిపోయిందని దవాఖానలో రాశారు. అక్కడినుంచి ఫోన్‌లో ఆ కబురు చెప్పిన మనిషే మర్నాడు మళ్ళీ చేశాడు. మా పక్కనే ఉన్న కల్హేర్ వైపు యాస.

“అన్నా, ఒక కాయితం గావాలె. శవాన్ని పంపనీకి ఒప్పుకుంటున్నమని అక్క సంతకం వెట్టి, నోటరీ జేపిచ్చి, ఫోటో దీసి పంపుండ్రి. అది లేకుంటె ఎంబసీల పని ముందలికి పోదు.”

మధ్యాహ్నానికి కాయితం తయారైంది. సంతకం పెడుతూ అక్క ఒక్కటే అడిగింది. “ముఖం జూడొస్తది గద తమ్మీ? జూసి మూడేండ్లాయె.”

సాయంత్రం పంపబోయే ముందు ఆ మనిషికి నేనే ఫోన్ చేశాను. “బాకీ జీతం, ఇన్నేండ్లు పని జేసినందుకిచ్చే సర్వీసు పైసల సంగతేంది?”

“అవి ఎనకనుంచి వస్తయన్నా. ముందుగాల మనిషిని రానీయుండ్రి.”

ఎనకనుంచి అన్న మాట వినగానే నాలోని దుకాణం తెరుచుకుంది. సంతకం ఇచ్చేశాక మన చేతిలో ఏం మిగులుతుంది? పైగా మాటకు ముందొక అన్నా, వెనకొక అన్నా. తియ్యగా మాట్లాడేవాణ్ణే కదా మేమూ గిరాకీ ముందు కూర్చోబెట్టేది. కంపెనీ మనిషేనని తేల్చుకున్నాను.

“పైసల లెక్క తేలినంకనే కాయితం. లేకుంటె వద్దు తీయ్,” అని పెట్టేశాను. మెట్టు దిగాను.

మర్నాడు ఆ నంబరు నుంచి పదకొండు సార్లు మోగింది. తానుల మీద ఫోన్ పెట్టుకుని లెక్కపెట్టాను, ఎత్తలేదు. రెండో రోజు నాలుగు సార్లు. మూడో రోజు ఒక్కసారి. అక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా ఇంటినుంచి పంపిన గిన్నె సగం కూడా ఖాళీ కాకుండా తిరిగొచ్చేది. “పంపినవా తమ్మీ?” అంటే “పని నడుస్తుందక్కా” అనేవాణ్ణి. కాయితం నా జేబులోనే ఉంది.

నాలుగో రోజు ఫోన్ మోగలేదు. మూడడుగులూ దాటిపోయాను, పిలుపు లేదు. అయినా తిరిగి చేయలేదు. దిగినవాడు తనంతట తాను మెట్టెక్కితే ధర పెరుగుతుంది మరి.

ఆ సాయంత్రం మైలలో ఉన్న అక్క గడప దాటి వచ్చి దుకాణం మెట్లెక్కింది. గిరాకీలు లేచి పక్కకు జరిగారు.

“ఆయన దోస్తు నాకు ఫోన్ జేసిండు. కాయితమే రాలేదంటుండు. మీ బావను మీటరెంతకు అమ్ముతున్నవ్‌రా?”

అక్కడే, ఆమె ముందే, ఫోటో తీసి పంపాను. ఆ పాత నంబరుకే ఫోన్ కలిపాను. చాలాసేపటికి ఎత్తాడు. వెనక మిషన్ల మోత.

“కంపెనీ ఏమంటుంది?” అన్నాను.

“నాకేమెర్కనే? నేను కంపెనీ మనిషిని గాను. మీ బావ మంచం పక్క మంచం నాది. నాలుగొద్దులు డ్యూటీ ఇడిసిపెట్టి ఎంబసీ కాడ నీ కాయితం కోసం కూసున్న. ఇంక రాకుంటె కొలువు పీకుతమన్నరని ఇప్పుడే పనికొచ్చిన.”

“రేపు పోతవా?”

“రేపు, ఎల్లుండి ఆఫీసులు బంద్.”

బంద్ రెండు రోజులు. అతనికి మళ్ళీ సెలవు దొరకడానికి మూడు రోజులు. నావి నాలుగు. మొత్తం తొమ్మిది రోజులు ఆలస్యంగా శంషాబాద్‌లో పెట్టె దిగింది. కార్గో కాయితం మీద బరువు కిలోల్లో రాసి ఉంటే, అలవాటు చొప్పున పక్కన రేటు కోసం వెతికాను. అంతటి వ్యాపారిని.

ఇంటి ముందు మూత తీసి గుడ్డ తొలగించారు. ముఖం నల్లబడి ఉబ్బి ఉంది. అక్క వంగి చూసింది. “గీయన గాదు,” అంది. తర్వాత ఎడమచెయ్యి బయటికి తీసి, ఎప్పుడో ఇటుకల కింద నలిగిన వంకర చిటికెన వేలు పట్టుకుని, అలాగే కూర్చుంది. పెద్దలు ఇక చాలని మూత వేశారు.

ఇక లెక్క. బాకీ జీతం, సర్వీసు పైసలు మూడు నెలలకు అక్క ఖాతాలో పడ్డాయి. బావ పోయిన రోజే కంపెనీ రాసిపెట్టిన మొత్తం అదే. నేను మెట్టు దిగినందుకు ఒక్క రూపాయి పెరగలేదు. పక్క మంచం మనిషికి ఫోన్ చేసి, నాలుగు రోజుల కూలి నేనిస్తానన్నాను. “ఎనక ఇంకో రెండొద్దులు గూడ పోయినయన్నా,” అన్నాడు. ఆరు రోజులది పంపాను. బేరం ఆడలేదు.

తొమ్మిది రోజులు ముందొస్తే ముఖం గుర్తుపట్టేలా ఉండేదా? పెట్టె తెచ్చిన అంబులెన్స్ డ్రైవర్‌ని అడిగాను. ఒక్కోసారి ఉంటది, ఒక్కోసారి ఉండదన్నాడు. ఎవరివల్ల పాడైందో తేలని సరుకును గిరాకీ పేరున రాయకూడదనేది మా నాయన పద్ధతి. అందుకే అది నా పేరునే రాసుకున్నాను: తొమ్మిది రోజులు, అక్క చూడలేకపోయిన ముఖం. జమ వైపు ఏమీ లేదు.