లేపాక్షి దారిలో పారబోసిన మజ్జిగ

కోవిడ్ తర్వాత రెండో ఎండాకాలంలో నన్ను హిందూపురం, పెనుకొండ ప్రాంతాలకు ఆహార భద్రతాధికారిగా వేశారు. అమ్మే తిండి పదార్థాలు తనిఖీ చేయడం, అనుమానం వస్తే శాంపిల్ తీసి ల్యాబుకు పంపడం నా పని.

మే నెలలో ఒక కూల్‌డ్రింకుల దుకాణదారు ఫిర్యాదు పెట్టాడు. లేపాక్షి దారిలో ఒక పిల్ల లైసెన్సు లేకుండా మజ్జిగ అమ్ముతోందట, తన బేరం పోతోందట! మా పై అధికారి ఫోన్లోనే తేల్చేశారు, తీయించెయ్యమని.

వెళ్లాను. కానుగ చెట్టు నీడలో పదకొండేళ్ల అశ్విని. తడిగుడ్డ చుట్టి మూతపెట్టిన కుండ, కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులు. చిన్న వ్యాపారులు కూడా మా దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం ఏదని అడిగాను. అట్లాంటిది ఒకటుందనే ఆ పిల్లకు తెలియదు. బస్సు కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా కుండెడు మజ్జిగ పారబోయించాను.

అశ్విని ఏడవలేదు. రోడ్డుకు అవతల ఒక నాయకుడి ఫ్లెక్సీ కట్టిన చలివేంద్రం వైపు చెయ్యి చూపింది.

"ఆడ కుండకు మూతే ల్యాదు సార్. అందరూ ఒగే గ్లాసు ముంచుకోని తాగుతాండారు. వాళ్లనేమీ అనరా? మాది అవ్వ పొద్దున్నే చిలికింది, నీళ్లు గూడా కాంచినవే."

చలివేంద్రాల జోలికి పోవద్దని ఏటా మాకు నోటిమాటగా చెప్పేవారు. ఛీ, మా ప్రతాపమంతా పిల్లల మీదే!

ఆఫీసుకొచ్చి చట్టం తీశాను. సెలవుల్లో, ప్రమాదం లేని సొంత ఇంటి వ్యాపారంలో పిల్లలు సాయపడవచ్చు. నమోదు ఇంట్లో పెద్దవాళ్ల పేరున ఉంటే చాలు. చెడిపోయిన పదార్థాన్నైనా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాకే పారబోయాలి. అశ్విని మజ్జిగ చెడిపోనూ లేదు, నేను నోటీసు ఇవ్వనూ లేదు. వాళ్ల లోపం ఒక దరఖాస్తుతో తీరేది. నాది తీరేది కాదు.

వారం తర్వాత దరఖాస్తు నేనే నింపి, అవ్వ సంతకం కోసం వాళ్లింటికి పట్టుకెళ్లాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"పదిమంది ముందర బిడ్డను దొంగ మాదిరి నిలబెడితివి కదప్పా. ఇప్పుడది రోడ్డు మీదికే రానంటాండాది. ఈ కాగితం నేనేం జేసుకోవల్ల?"

ఆ మధ్యాహ్నమే చలివేంద్రం నీళ్ల శాంపిల్ తీశాను. నెల తిరక్కముందే నన్ను ధర్మవరం బదిలీ చేశారు.

నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని రాతలో ఇమ్మని అడగాలి. నేను నేర్చుకున్నది అదే. కుండ ముట్టుకునే ముందు ఆ ఒక్క మాట అడిగి ఉంటే, మా పై అధికారి రాసిచ్చేవారు కాదు.