బోరు ఎండిపోయిందా? చాలా సంతోషం

నోరు జారి చెడినవాళ్లను మీరు చాలామందిని చూసుంటారు. నోరు మూసుకుని, తన గదిలో చాప మీద వెల్లకిలా పడుకుని, ఊరందరి చేతా ఒకేసారి తిట్లు తిన్నవాడు మాత్రం మీ ఎరుకలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే ఆపుకోకండి. అది జరిగిననాడు మొదట్లో నవ్వినవాళ్లు ఒక్కరూ లేరు.

అప్పుడు నాకు పాతికేళ్లు. సెల్‌ఫోన్లు పల్లెలకు వస్తున్న కొత్త. తెనాలి దగ్గరి పల్లె మాది. హైదరాబాదులో ఎమ్మే చదివి, ఒక విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనలో సహాయకుడిగా చేరాను. బీపీ ఉన్న పెద్దవాళ్లకు రోజూ సాయంత్రం ఫోన్ చేసి గుర్తుచేస్తే, మాత్రలు మానకుండా వేసుకుంటారా లేదా అని చూడటం మా పని. ఫోన్ చేసేది మనిషి కాదు, కంప్యూటరు. అందులో రికార్డు చేసి పెట్టిన గొంతు నాది. ఆరోగ్యమూ, సాంకేతికతా, ప్రజల భాగస్వామ్యమూ ఒకే చోట కలిసే అరుదైన పని అని మా ప్రొఫెసర్ గారు నన్ను పంపేముందు చెప్పారు. ఆ మూడూ కలిసే చోటు పామిడి దాటాక, పెన్న ఏటి ఇసుక అవతల, బస్సు దిగి ఎండలో నడిచిపోవాల్సిన ఒక పల్లె అని మాత్రం చెప్పలేదు.

ఆ పల్లెలో ఒక మట్టి మిద్దెలో గది దొరికింది. గదిలో నేను, కంప్యూటరు, దానికో పెద్ద బ్యాటరీ. కరెంటు పోతే నా ఫ్యాన్ ఆగేది, కంప్యూటరు మాత్రం నడుస్తూనే ఉండేది. మా ఇద్దరిలో ప్రాజెక్టుకు ఎవరు ముఖ్యమో మొదటివారమే అర్థమైంది.

ఊళ్లో జనం చెడ్డవాళ్లు కారు. వరసగా వానలు మొహం చాటేసి, శెనక్కాయ చేలు ఎండిపోయి, ఎవరి దిగుల్లో వాళ్లున్నారు. నేను వీధిలో నడిస్తే అరుగుల మీద మాటలు వినపడేవి.

"ఎవురప్పా ఈయన? కరెంటాయనా?"

"కాదంట. ఫోను సారంట."

అంతే. ఆ మాటలూ నాతో కాదు, నా గురించి. నేను "ఎక్కడికి వెళ్తున్నారండీ" అని పలకరిస్తే, ఆ "అండీ" విని నన్నేదో ఆఫీసరనుకుని పక్కకు తప్పుకునేవాళ్లు. పొద్దున లేచింది మొదలు నేను నోరు తెరిచి అన్నది అంగట్లో "ఒక సబ్బు" అన్న మాటేనని చీకటి పడే వేళకు గుర్తొచ్చిన రోజులున్నాయి. పాడుబడ్డ బావిలో కప్పకైనా తన బెకబెక తనకు తిరిగి వినపడుతుంది. నాకు ఆ పాటి భాగ్యం కూడా లేదు.

ఇక నా మొదటి రికార్డు సంగతి. "నమస్కారం. ఇది ఆరోగ్య సమాచార సేవ. మీరు ఈ రోజు రక్తపోటు మాత్రను సేవించినట్లయితే ఒకటి నొక్కండి. సేవించనట్లయితే రెండు నొక్కండి." రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను. ఊళ్లో ఎవరూ ఏదీ నొక్కలేదు. సుంకన్న అనే రైతు ఆ "సేవించడం" అన్న మాట విని, "మా ఇంట్లో తాగేటోళ్లు ఎవురూ లేరు సామీ" అని ఫోన్ పెట్టేశాడట.

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను.

"ఎవరూ నొక్కడం లేదు సార్."

"ఆత్మీయత పెంచవయ్యా. జనంతో కలిసిపోయినట్టుండాలి."

"నేనా సార్, కంప్యూటరా?"

"రికార్డింగు సంగతి చెబుతున్నాను" అని ఆయన పెట్టేశారు.

ఆత్మీయతదేముంది, నా గది నిండా మూలుగుతోంది. పుచ్చుకునేవాళ్లే లేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. ఊరు ఎలాగూ మంచిదే, నోరు మారిస్తే సరిపోతుంది అనుకున్నాను. ఒక మధ్యాహ్నం తలుపేసుకుని, ఆ ఊరి మాట నాకు పట్టుబడినంత మేర పట్టుకుని కొత్త రికార్డు చేశాను. ఎదురుగా ఎవరో కూర్చుని నాతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుని, వాళ్ల జవాబుల కోసం మధ్యమధ్య ఖాళీలు వదిలాను.

"బాగుండావా?" అన్నాక ఒక ఖాళీ. "ఆఁ, ఆఁ. ఇంట్లో అందరూ ఎట్లుండారు?" అన్నాక ఇంకాస్త పెద్ద ఖాళీ. "చాలా సంతోషం. మాత్ర ఏసుకున్యావా?" మళ్లీ ఖాళీ. చివరగా, "అట్లే కానీ. దినామూ ఇట్లే జరగాల. రేపు మళ్లా మాట్లాడుకుందాం."

చేసింది విన్నాను. బాగుందనిపించి మళ్లీ విన్నాను. ఆ రెండోసారి "బాగుండావా?" అన్నదానికి, "ఏదో ఉన్నాలే" అని నా నోట్లోంచి జవాబు వచ్చేసింది. ఇంత చదువుకున్నవాడే పడిపోయాడంటే ఊరు పడకపోతుందా? ప్రయోగం విజయవంతమైందని అప్పుడే తీర్మానించాను. సరిగ్గా మోగుతోందో లేదో చూడటానికి నా నంబరు కూడా కంప్యూటరు ఫోన్ చేసే నంబర్లలో చేర్చాను. చూడటం అయ్యాక తీసెయ్యాలి. తీసెయ్యలేదు. ఎందుకు తీసెయ్యలేదని అడక్కండి. సాయంత్రం పూట ఫోన్ మోగడం బాగుంటుంది.

ఆ రికార్డుతో ఊరు మారిపోయింది. ఎవరూ ఫోన్ పెట్టెయ్యడం లేదు. చివరిదాకా వింటున్నారు, జవాబులు చెబుతున్నారు. ఏం చెబుతున్నారో కంప్యూటరుకు తెలియదు. ఫోన్ ఎంతసేపు ఎత్తి ఉంచారన్నదే దాని లెక్క. ఆ లెక్క చూసి ప్రొఫెసర్ గారు మురిసిపోయారు.

వీధిలోనూ పలకరింపులు మొదలయ్యాయి. ఎదురింట్లో ఓబుళమ్మ అనే ముసలావిడ ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు, రెండు మేకలతో ఒక్కతే కాలక్షేపం. అంతకుముందు నన్ను చూసీ చూడనట్టు పోయే ఆ అవ్వ ఒకనాడు ఆగి నవ్వింది.

"నిన్న చెప్తి కదప్పా తెల్ల మేక సంగతి. పొద్దున లేసి మేత ముట్టింది."

తెల్ల మేక సంగతి నాకు చెప్పిందెప్పుడు? "అలాగా అవ్వా" అన్నాను. బుద్ధి ఉన్నవాడికి అక్కడే అనుమానం రావాలి. కానీ నాతో ఒక మనిషి ఆగి ఒక మేక గురించి మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆ ఆనందంలో వివరాల్లోకి పోలేదు.

ఇక అసలు సంగతి. హనుమంతరెడ్డి ఆ ఊళ్లో పెద్ద రైతు, నలుగురూ మాట వినే మనిషి. ఆయన బత్తాయి తోటకు, అక్కడి మాటలో చీనీ తోటకు, ఉన్న ఒక్క బోరూ ఒక మధ్యాహ్నం ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి తప్ప చుక్క రాలేదట. ఏళ్ల తరబడి పెంచిన చీనీ చెట్లు కళ్ల ముందే పోతాయి. సాయంత్రం ఊళ్లోవాళ్లు ఆయన ఇంటికి చేరి పరామర్శిస్తున్నారు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. రెడ్డి ఫోన్ చెవికి దూరంగా, అందరికీ వినపడేట్టు పెట్టుకుని మాట్లాడే రకం. జరిగిన సంభాషణ నాకు తర్వాత అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు.

"బాగుండావా?"

"ఏం బాగప్పా. బోరు ఎండిపాయ."

"ఆఁ, ఆఁ. ఇంట్లో అందరూ ఎట్లుండారు?"

"ఎట్లుంటారు. నా పెండ్లాము పొద్దున్నుంచి ముద్ద ముట్టలేదు. చెట్లు పట్టుకొని ఏడుస్తాంది."

"చాలా సంతోషం. మాత్ర ఏసుకున్యావా?"

"సంతోషమా సారూ నీకు?" అన్నాడట రెడ్డి నెమ్మదిగా.

"అట్లే కానీ. దినామూ ఇట్లే జరగాల."

ఆ సమయంలో నేను చాప మీద పడుకుని దూలాలు లెక్కపెట్టుకుంటున్నాను. వీధిలో అడుగుల చప్పుడు వినపడింది. నా గది ముందు అప్పటిదాకా ఒక్క జత చెప్పులైనా ఆగలేదు. లేచి తలుపు తీసి చూస్తే ఊరంతా ఉంది. నిజం చెప్పాలంటే, మొదట నాకు సంతోషమే వేసింది.

"బయటికి రా సారూ" అన్నాడు రెడ్డి. "నా చెట్లు ఎండిపోతే నీకేమొస్తాది?"

"ఏ చెట్లండీ?" అన్నాను. పక్కనుంచి సుంకన్న అందుకున్నాడు. "మా యమ్మ జారిపడి కాలిరిగిందని చెప్తే, దినామూ ఇట్లే జరగాలన్యాడు. చెవుడేమోలే పాపమని ఊరకుంటి."

గుంపులోంచి ఒక ఆవిడ నా తరఫున వచ్చింది. "ఏమో నాతో బాగనే మాట్లాడినాడప్పా. నా కూతురు కాన్పయిందని చెప్తే సంతోషమన్యాడు."

"దినామూ ఇట్లే జరగాలని గూడా అన్యాడు గదక్కా?" అన్నాడు సుంకన్న.

ఆవిడ కాసేపు ఆలోచించి, వెళ్లి అవతలి వైపు నిలబడింది.

నాకు విషయం అర్థమైంది. "అది నేను కాదండీ. కంప్యూటరు" అన్నాను.

"గొంతు నీదే."

"గొంతు నాదే. మాట్లాడింది నేను కాదు."

"రెండు నాలుకలోళ్లను చూసినాం" అన్నాడు రెడ్డి. "రెండు నోర్లోణ్ణి ఇప్పుడే చూస్తాండాం."

ఇంతలో నా జేబులో ఫోన్ మోగింది. కంప్యూటరు ఊరంతా తిరిగి వరసలో నా దగ్గరికి వచ్చింది. తియ్యకుండా ఉండాలని చూశాను.

"ఎత్తు" అన్నాడు రెడ్డి. "అందరికీ ఇనపడేట్ల పెట్టు."

పెట్టాను. "బాగుండావా?" అంది నా గొంతు, ఎంతో ఆపేక్షగా. నేను పెదవులు బిగించి నిలబడ్డాను. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. "ఆఁ, ఆఁ. ఇంట్లో అందరూ ఎట్లుండారు?" నేను వదిలిన ఆ పెద్ద ఖాళీ అప్పుడు వచ్చింది. గదిలో చేసినప్పుడు అది అంత పొడుగుందని తెలియలేదు. "చాలా సంతోషం" అంది ఫోను.

రెడ్డి నా చేతిలో ఫోను చూశాడు, నన్ను చూశాడు. "మిషనే" అన్నాడు. తర్వాత ఇంకేదో తట్టినట్టు ఆగాడు. "దాంట్లో నీ నంబరెందుకుండాది?"

"పరీక్ష కోసమండీ."

"ఇంగా అయిపోలేదా పరీక్ష?"

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

"అంటే, దినామూ నీకు నువ్వే ఫోన్ చేసుకొని, నిన్ను నువ్వే బాగుండావా అని అడుగుకుంటాండావా సారూ?"

ముందు సుంకన్న నవ్వాడు. తర్వాత గుంపంతా నవ్వింది. బోరు ఎండిన రెడ్డి కూడా భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. బతికిపోయానురా దేవుడా అనుకున్నాను.

ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు. కర్ర పట్టుకుని ముందుకొచ్చింది.

"అయితే ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా?"

"అది వినదు అవ్వా. మాట్లాడటమే దానికి తెలుసు."

"ఎవురూ ఇనలేదా?"

"లేదవ్వా."

"మా ఇంటాయన పోయిన దినం సంగతి గూడా చెప్తి" అని, తిరిగి తన ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఆ తర్వాత నన్నెవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెడ్డి తీర్పు చెప్పాడు. "ఆ మిషను ఆపు. నువ్వే ఇండ్లకాడికొచ్చి అడుగు. వస్తే మాత్రలేసుకుంటాం. రాకుంటే అన్నీ తీసకపోయి పెన్నలో పారేస్తాం."

బీపీ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ సాయంత్రమే కంప్యూటరు ఆపేశాను. ప్రొఫెసర్ గారికి చెప్పాను.

"మనిషివి నువ్వు వెళ్లి అడిగితే అది పరిశోధన ఎలా అవుతుందయ్యా? అది పలకరింపు" అన్నారు. ఆ ఊరిని పరిశోధనలోంచి తీసేశారు. నెలాఖరుకు సామాను సర్దుకుని రమ్మన్నారు.

ఆ మిగిలిన రోజులన్నీ సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాను. రెడ్డి బోరు ఎన్ని రాళ్లు తాకి, ఎంత లోతుకు పోయి మోసం చేసిందో రోజూ మొదటినుంచీ చెప్పేవాడు. సుంకన్న తల్లి కట్టుకట్టిన కాలు చూపించేది. ఎక్కడ "సంతోషం" అన్న మాట జారుతుందోనని పళ్లు బిగబట్టి వినేవాణ్ణి. అందరూ మాత్రలు వేసుకున్నారు. ఓబుళమ్మ తలుపు మాత్రం తెరుచుకోలేదు. బయట నిలబడి "అవ్వా, మాత్ర" అనేవాణ్ణి. లోపల మేకలు పలికేవి.

నేను వెళ్లిపోయే ముందు ఒక సాయంత్రం ఆ తలుపు తీసి ఉంది.

"ఇట్ల రా" అంది అవ్వ. దగ్గరికి పోతే నా ముంజేయి పట్టుకుని గట్టిగా గిల్లింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మనిషివే."

"మనిషినే అవ్వా."

"కూచో. నేను చెప్పింది చాలు. నువ్వు చెప్పు. నీది ఏ ఊరు, ఎట్లొచ్చినావు ఈడికి?"

ఆ ఊరికి వచ్చాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. మొదలుపెట్టాను. మా అమ్మ, మా వీధి బడి, హాస్టల్లో నీళ్ల చారు, ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు, ఏదీ వదల్లేదు. కాసేపటికి అవ్వ గోడకానుకుని కళ్లు మూసుకుంది. ఇంకాసేపటికి చిన్నగా గురక వినపడింది. మర్యాద తెలిసినవాడు లేచి వచ్చెయ్యాలి. నేను గొంతు కొంచెం తగ్గించి చెప్పుకుంటూ పోయాను. ఎంతసేపయిందో, అవ్వ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"యాడిదాంక వచ్చినావు?"

"తెనాలి స్టేషన్లో రైలెక్కినానవ్వా."

"అయితే ఈడికి చేరేదానికి ఇంగా శానా సేపు పడతాది" అంటూ లేచింది. "సంగటి తిని చెప్పు."

కాబట్టి మహాజనులారా, నా ప్రతిజ్ఞ ఆలకించండి. ఎదుటివాళ్లు చెప్పేది వినకముందే సంతోషపడను. నేను పోని గడపకు నా గొంతును ఒంటరిగా పంపను. పెన్న మీద ఒట్టు. నీళ్లే లేని ఏటి మీద ఒట్టు నిలుస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. ఆ వైపు జనం తరతరాలుగా ఒట్లన్నీ ఆ ఇసుక మీదే వేస్తున్నారు. తప్పినవాణ్ణి నేను చూడలేదు.