నాగమణి వేళ్లు

1930లలో ఏలూరులో టీచరు ట్రైనింగు ముగించి, కొల్లేటి లంకలో ఒక పసిపిల్లల బడికి పంతులమ్మగా వెళ్లాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. పలక పట్టించే ముందు ఆటలతోనే పిల్లల వేళ్లు తిరిగేలా చేయాలని ట్రైనింగులో నేర్పారు. అందుకని మట్టితో బొమ్మలు చేయించాను, దారంతో ముడులు వేయించాను. ఐదేళ్ల నాగమణి నెల తిరిగేసరికి జానెడు వల అల్లేసింది. నాకు గర్వం ఆగలేదు. వాళ్ల నాన్నకు కబురు పెట్టి, బడికి రప్పించి మరీ చూపించాను.

ఆయన ఒక్కొక్క ముడీ లాగి చూశాడు. "గట్టిగానే వేసిందండి" అన్నాడు.

మర్నాడు నాగమణి బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లి చూస్తే, తల్లి పక్కన కూర్చుని పెద్ద వలకు ముడులు వేస్తోంది.

"ఇవాళే పలక పట్టిద్దామనుకున్నానండీ" అన్నాను.

"చెయ్యి తిరిగింది కదండీ, ఇంక పలకెందుకండీ. మేం నేర్పితే ఇంకో రెండేళ్లు పట్టేది. అంతా మీ పుణ్యమేనండి అమ్మగారూ" అంటూ తండ్రి రెండు కొరమేనులు తెచ్చి నా చేతికిచ్చాడు.

నాగమణి నన్ను చూసి నవ్వింది. అదింకా ఆటే అనుకుంటోంది.

ఆ తరవాత ముప్ఫై ఏళ్లు పసిపిల్లలకే చదువు చెప్పాను. ఏ పిల్ల తెలివినీ ఇంటికి కబురు పెట్టి చూపించలేదు.