బెత్తెడు ఎక్కువ

కొలత విషయంలో నేను ఎవరినీ నమ్మను. ధర్మవరంలో పుట్టి, పట్టుచీరలు నేసి బతుకుతున్నదాన్ని. జరీ ఇచ్చేవాడు తూకంలోనో, చీర కొనేవాడు మూరలోనో ఏదో ఒకటి చేస్తాడన్న అనుమానం మాకు మగ్గంతో పాటే వస్తుంది.

గుంత మగ్గంలో ఇరవై ఏళ్ళు వంగి కూర్చునేసరికి నా భుజాలు ముందుకు ముడుచుకుపోయాయి. ఛాతీ విచ్చుకునే పని ఏదైనా చెయ్యమంది డాక్టరమ్మ. మా వెనక వీధిలో కూతురింట్లో ఉండే పెద్దాయన వెదురు విల్లు చేస్తాడని, ఊరి బయట బయల్లో గోనెసంచి కట్టి బాణం వెయ్యడం నేర్పిస్తాడని విని వెళ్ళాను. కళ్యాణదుర్గం దిక్కున గొర్రెలు మేపిన మనిషి. మండుటెండలో కూడా ఎడమచేతికి తువ్వాలు చుట్టుకునే ఉంటాడు. దాని కింద ఏం దాస్తున్నాడో అని మొదటిరోజే నా కన్ను అక్కడ పడింది.

బాణం ఎంత పొడుగుండాలో ఆయనే చూపించాడు. తోకను గొంతు కింద గుంతలో ఆనించి, రెండు చేతులూ ముందుకు చాచి, బాణాన్ని అరచేతుల మధ్య పట్టుకోవాలి. వేళ్ళ కొసలు దాటి నాలుగు వేళ్ళ మందం మిగిలితే అదే మన కొలత. ఇంతా చెప్పి నా చేతిలో పెట్టిన ఆరు బాణాలూ ఆ కొలతకన్నా ఇంకో బెత్తెడు ఎక్కువే ఉన్నాయి.

"ఇవి పొడుగుండాయి కదా మామా?" అన్నాను.

"ఉండనీలేమ్మా. నీ బుజాలు ఇంగా మగ్గం గుంతలోనే ఉండాయి. అవి బయటికొచ్చినాక కోద్దాం."

నాకు ఒళ్ళు మండింది. కొలత చెప్పి, ఆ కొలతకు కొయ్యనివాణ్ణి ఎక్కడైనా చూశామా? ఎవరో పొడుగాటి మనిషికి చేసిపెట్టినవి నాకు అంటగడుతున్నాడు. ఇంటికొచ్చి ఆ మాటే అంటే మా ఆయన నవ్వాడు.

"ఆయప్ప దుడ్లు తీసుకోకుండా ఇచ్చినాడు కదా. దాంట్లో మోసం యాడుండాది?"

ఊరికే ఇచ్చాడు కాబట్టే నా అనుమానం రెండింతలైంది. మరునాడు బాణాల కొసనున్న ఇనప ములుకులు ఊడదీసి, ఆరింటినీ పోగంత తేడా లేకుండా నా కొలతకు కోసి, మళ్ళీ బిగించాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

పెద్దాయన చూడగానే మొహం మాడ్చుకున్నాడు. "ఎందుకు కోసినావు? ఇవి ఈడ పెట్టు. కొత్తవి చేసిస్తా" అన్నాడు. వెనక్కి లాక్కునే ఎత్తు అనుకున్నాను. నేను ఇవ్వలేదు. ఆ రోజునుంచి ఆయన రాని వేళ చూసుకుని బయలుకు వెళ్ళడం మొదలుపెట్టాను. బాణాలు సంచికి తగులుతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో వారంలో ఒక పొద్దున నారి లాగుతుంటే భుజం వెనక ఏదో కట్టు తెగినట్టయింది. నొప్పి లేదు. చేయి ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది. ఆనందం పట్టలేకపోయాను. అంతలో వెనకనుంచి కేక.

"వదలొద్దమ్మా! వదలొద్దు!"

నా గురి చెడగొట్టడానికే వచ్చాడు ఈ ముసలాయన అనుకున్నాను. వదిలెయ్యబోయి, ఎందుకో విల్లు వైపు చూశాను. నేను కోసేసిన బెత్తెడు మేర ములికి విల్లు దాటి లోపలికొచ్చి నా ఎడమ బొటనవేలి మొదట్లో కూర్చుని ఉంది. వదిలితే నేరుగా చేతిలోకే. ఆ చేయి లేకపోతే మగ్గం లేదు, ఇంట్లో పొయ్యి లేదు. మెల్లగా దించుదామన్నా ములికి ముందుకే పొడుస్తుంది. నారి వేళ్ళను కోస్తోంది. ఇంకెంతోసేపు పట్టుకోలేనని తెలుస్తోంది.

పెద్దాయన పరుగున వచ్చాడు. తువ్వాలు లాగేసి, తన ఎడమచేతిని ములికికీ నా పిడికిలికీ మధ్య దూర్చాడు. కుడిచేత్తో బాణాన్ని పక్కకు తోశాడు.

"ఇప్పుడు దించు. నిదానంగా."

దించాను. ఏడుపొచ్చింది. అప్పుడు చూశాను ఆ చేతిని. బొటనవేలు ఎండుపుల్లలా బిగుసుకుపోయి ఉంది. దాని మొదట్లో, నా చేతిమీద ములికి ఆనిన చోటే, పాత గాయం గుంట.

"వయసులో నేనూ కురచగా కోసుకుంటి" అన్నాడు, తువ్వాలు మళ్ళీ చుట్టుకుంటూ.

"మరి చెయ్యెందుకు అడ్డం పెట్టినావు మామా? గుచ్చుకునుంటే?"

"ఇది ఎప్పుడో పోయిన చెయ్యిలేమ్మా. నీది ఇంగా కావల్ల కదా."